సాక్షిగోడ

నమోదు 1

కొత్తరేవు కాలనీకి తనిఖీకి వెళ్లాను. నేను వెళ్లేసరికే ఊడ్చేశారు.

ఆ ఊడ్పు మామూలు ఊడ్పు కాదు. చిరిగిన రేకుల్ని పెద్దవి ఒక పక్కన, చిన్నవి ఒక పక్కన పేర్చారు. ఎక్కడెక్కడి నుంచో ఎగిరొచ్చిన దూలాల్ని తాళ్లతో కట్టగట్టి వీధి చివర ఆనించారు. పైకప్పు లేని ఇళ్ల ముందు, అసలు గోడలే లేని ఇళ్ల ముందు కూడా కళ్లాపి జల్లి ముగ్గులు పెట్టారు. ముందు రోజు మధ్యాహ్నం సుడిగాలి తొండం దిగిన చోటు అది. నల్లటి మబ్బు కడుపులోంచి నేలదాకా జారి, వీధి వెడల్పున దున్నుకుంటూ పోయింది. ఆ చోటు ఇప్పుడు పెళ్లివారి కోసం సర్దిపెట్టినట్టు ఉంది.

గాలి నష్టం లెక్కగట్టే మా శాఖ ఎగిరే కెమెరాని మేం తుమ్మెద అంటాం. అది నా నెత్తిమీద రెండుసార్లు గిరికీలు కొట్టింది. నా చేతిలోని పలకమీద అక్షరాలు పడ్డాయి. నష్టం స్వల్పం. మెట్టు ఒకటి.

"ఎందుకు ఊడ్చారమ్మా?" అన్నాను. గొంతు గట్టిగానే వచ్చింది.

నూకాలమ్మ ఈ కాలనీకి పెద్దదిక్కు. సముద్రం ఊళ్లని మింగినప్పుడు ఉత్తర కోస్తా నుంచి ఈ సీమ నల్లరేగడిలోకి తెచ్చి దింపిన జాలరి కుటుంబాల్లో మిగిలిన పెద్దావిడ. చీపురు పక్కన పెట్టి నన్ను పైనుంచి కిందిదాకా చూసింది.

"మరేటమ్మా! దీపాలేళకి ఇల్లు సెత్తతో ఉంచీమంటావా? తుఫానెల్లిన సాయంత్రం వాకిలి తుడవాల. నేకపోతే ఆ గాలి మళ్లీ దారడుగుతాది. మాయమ్మ అలాగే సేసింది, దాని అమ్మా అలాగే సేసింది."

"ఇది తుఫాను కాదమ్మా. తొండం. విరిగినవి విరిగినట్టే ఉంటేనే అది ఎంత గాలో నాకు తెలుస్తుంది."

"గాలెంతో మేం సెప్తాం, రాసుకో," అన్నాడు ఆమె తమ్ముడు అప్పలస్వామి. మనిషి బక్కపలచన, నోరు మాత్రం వీధంత. "మా అప్ప గుడిసె లేచి సెరువుగట్టు మీద కూకుంది. అంత గాలి. నువ్వేమో ఎండు సేపకి నాడి సూడ్డానికొచ్చిన డాక్టరమ్మలాగున్నావు."

నవ్వారు. నాకూ నవ్వొచ్చింది, అందుకు నా మీదే కోపం వచ్చింది.

అతను చెప్పింది రాసుకునే గడి నా పలకలో లేదు. తొండం గాలిని ఎవరూ కొలవరు. అది నడిచే బాట సన్నం, నిలిచేది నిమిషాలు. కొలిచే కర్ర ఆ బాటలో ఉండదు, ఉన్నా మిగలదు. అందుకని ఏం విరిగిందో చూసి, అది విరగాలంటే ఎంత గాలి వీచి ఉండాలో వెనక్కి లెక్కగట్టి మెట్టు వేస్తాం. నేను చదువుకున్నది ఇదే. తప్పు లెక్కేమీ కాదు. మూడో మెట్టు గానీ ఆపైది గానీ పడిన కాలనీకి ప్రభుత్వం నేలమాళిగ కడుతుంది. అందరూ దిగి ప్రాణాలు దక్కించుకునేంతది. కొత్తరేవుకి ఇది మూడో తొండం. మూడింటికీ మొదటి మెట్టే.

సంతకం చేశాను.

నమోదు 2

ఆఫీసులో మా పై అధికారి ఓబులేసు గారితో గొడవ.

కాలనీ వెనక వేపచెట్టు బెరడంతా ఒలిచినట్టు పోయింది. చేలో పైమట్టి చాపచుట్టినట్టు లేచిపోయింది. మంచం కోడు ఒకటి కరెంటు స్తంభంలో మేకులా దిగి ఉంది. ఫొటోలన్నీ ఆయన బల్లమీద పరిచాను.

"చెట్లు లెక్కలోకి రావు మేడమ్. మీకు తెలీనిదా? నంబరున్న కట్టడమే చూడాల."

"వాళ్ల ఇళ్లకి మీరు నంబర్లు ఇవ్వలేదు కదా సార్. వచ్చిన రోజు 'తాత్కాలికం' అని రాశారు. అప్పటికి పుట్టిన పిల్లలకి ఇప్పుడు పెళ్లిళ్లయ్యాయి."

ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. చెడ్డవాడు కాదు. చెడ్డవాడైతే నాకు సుఖంగా ఉండేది.

"కోపం తెచ్చుకోకుండా వినండి. రేకుల షెడ్డు చిన్న గాలికీ ఎగురుతుంది, పెద్ద గాలికీ ఎగురుతుంది. ఎగిరింది కాబట్టి పెద్ద గాలేనని ఎట్ల చెప్తారు మీరు? మీరే చెప్పండి."

చెప్పలేను. అదే ఒళ్లు మండించేది. ఊరి నడుమ కాంక్రీటు మేడలున్న పేటలో గాలి వీస్తే మేడ కూలుతుంది, నాలుగో మెట్టు పడుతుంది, మాళిగ వస్తుంది. అదే గాలి కొత్తరేవులో వీస్తే కూలడానికి గట్టిది ఏదీ లేదు కాబట్టి అది చిన్న గాలి అవుతుంది. గట్టిగా కట్టుకునే స్తోమత లేనివాళ్ల మీద గట్టి గాలి వీచే వీలే లేదు, మా లెక్కలో.

గోడమీద కొత్త పటం వేలాడుతోంది. మేమిచ్చిన మెట్లన్నీ మింగి, వచ్చే ఏడు ఎక్కడ ప్రమాదమో యంత్రం గీసిన పటం. కొత్తరేవు దాంట్లో పచ్చగా ఉంది. పచ్చ అంటే నిశ్చింత.

"అక్కడి సైరన్ స్తంభాన్ని పీకి మేడలపేటకి మారుస్తుండారు," అన్నాడు ఆయన నా వైపు చూడకుండా. "పచ్చగా ఉండేచోట ఎందుకని."

ఏం మాట్లాడానో సరిగా గుర్తులేదు. పక్కగదిలోంచి ఎవరో తలుపు తీసి చూశారు.

నేను తలుపు దాకా వెళ్లాక ఆయన మెల్లగా అన్నాడు: "నంబరున్న గోడ ఒక్కటన్నా ఉంటే అడగడానికి వీలుండేది మేడమ్. ఒక్క గోడ."

నమోదు 3

కాలనీకి మరమ్మతు సిమెంటు వచ్చింది. ప్రతి తొండం తర్వాతా ఇంతో అంతో ఇస్తారు. ఈసారి దాన్ని ఏం చేయాలన్నది తగువు.

నూకాలమ్మకి గొయ్యి కావాలి. నేలలోకి దిగితే బతుకుతామని ఆమెకి నేను చెప్పనక్కర్లేదు. ఇదివరకు తవ్వారు కూడా. నల్లరేగడి తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే నెర్రెలిస్తుంది. పక్కలకి ఆధారం లేని గొయ్యి ఒక్క వానకి మూసుకుపోతుంది. తవ్విన రెండు గోతులూ అలాగే పోయాయి. ఈ సిమెంటుతో బిళ్లలు పోసి లోపల పేరిస్తే నిలబడుతుంది.

"ఎంతమంది పడతారు?" అన్నాను.

"పిల్లతల్లులు. మా తమ్ముడి కూతురు పైడితల్లి కడుపుతో ఉన్నాది కదా, అదీ. మిగిలినోళ్లకి దేవుడున్నాడు."

"ఆ బిళ్లలతోనే గోడ కడదాం. కొలత ప్రకారం, ఇనుము పెట్టి, నంబరు వేయించి. పెద్ద గాలొస్తే అది పడిపోతుంది. పడితే మూడో మెట్టు. మూడో మెట్టు పడితే మీ అందరికీ మాళిగ."



"అంటే," అంది నూకాలమ్మ, "దాక్కోడానికి కాదు. పడిపోడానికి గోడ కట్టమంటున్నావు."

"సాక్ష్యానికి."

"మా మాట సాలదు, మా కొంపలు సాలవు. గోడ సెప్తే నమ్ముతారా మీవోళ్లు?"

"నమ్ముతారు."

అది చెప్తున్నప్పుడు నాకెంత సిగ్గేసిందో రాయడానికి మాట దొరకడం లేదు. అయినా చెప్పాను. అందరికీ చోటు కావాలంటే ఇదొక్కటే దారని నమ్మాను. నమ్మానా? గోతిలో కొందరే పడతారన్న లెక్క నన్ను కదల్చింది. లెక్కలు నన్ను ఎప్పుడూ కదలుస్తాయి.

అప్పలస్వామి నా వైపు వచ్చాడు. "కట్టీద్దాం అప్పా. మన బతుకులో ఒక్క నంబరున్న సామానైనా ఉండాలి కదా. దానికి నాను రోజూ దండం పెడతాను, బేగి పడిపో తల్లీ అని."

నూకాలమ్మ నవ్వలేదు. చేతులెత్తమంది. గోడకే ఎక్కువ చేతులు లేచాయి.

నమోదు 4

గోడ లేచింది. కాలనీ ఉత్తరపు కొసన, ఒంటరిగా. తలుపు లేదు, కిటికీ లేదు, దేనికీ ఆనుకోలేదు. శాఖ మనిషి వచ్చి ఎర్రరంగుతో నంబరు వేసి వెళ్లాడు. పిల్లలు దానికి బంతి కొట్టి ఆడుతున్నారు. నూకాలమ్మ దాని నీడలో కూడా నిలబడదు.

సైరన్ లేదు కాబట్టి గుర్తులు నేనే నేర్పుతున్నాను. మబ్బు అడుగు ముదురాకుపచ్చగా మారడం. పెద్ద వడగళ్లు. అంతవరకూ కొట్టిన గాలి ఉన్నట్టుండి స్తంభించడం. రైలు దగ్గరపడుతున్నట్టు మోత.

"తుఫానుకైతే పేరెట్టీవోరు," అంది ఒకామె. "నాలుగు దినాల ముందే రేడియోలో సెప్పీవోరు. ఈ ముండకి పేరూ నేదు, కబురూ నేదు."

"కిటికీలు తెరిచీమంటారు కదా, గాలి ఇటొచ్చి అటు పోతాదని?" అంది పైడితల్లి.

"అది ఒట్టిమాట. కిటికీ జోలికే పోవద్దు. గాలికన్నా గాలి మోసుకొచ్చేవే చంపుతాయి. రేకు, కర్ర, గాజుపెంకు. షెడ్డులో ఉండకండి. చూస్తూ నిలబడకండి. బండెక్కి పారిపోదామనుకోకండి, అది ఎటు తిరుగుతుందో దానికే తెలియదు. రోడ్డు పక్క కాలవ పల్లంలో బోర్లా పడుకుని తలమీద చేతులు పెట్టుకోండి."

"అంటే సూరేకాంతం అత్తలాగ బోర్లా పడి గురకెట్టాల," అన్నాడు అప్పలస్వామి. సూరేకాంతం అత్త చీపురు విసిరింది.

పోతూ పోతూ పైడితల్లి నన్ను ఆపింది. "ఈపాలి పెద్దది రావాలమ్మా. సిన్నదొస్తే గోడ పడదు కదా."

పొట్టమీద చెయ్యి వేసుకుని అంది ఆ మాట. ఆ అమ్మాయి చేత ఆ కోరిక కోరించింది ఎవరు? నంబర్లు కనిపెట్టినవాళ్లా, ఓబులేసు గారా, నేనా? దారంతా తిట్టుకుంటూనే వచ్చాను. ఎవర్ని తిట్టానో తేలలేదు.

నమోదు 5

రాయగలనో లేదో.

నేను గోడకి పగుళ్లేమైనా ఉన్నాయేమో చూడ్డానికి వెళ్లిన మధ్యాహ్నం. ముందు వడగళ్లు, నిమ్మకాయలంత. తర్వాత ఆకు కదలని నిశ్శబ్దం. పైకి చూస్తే మబ్బు రంగు పాచిపట్టిన నీళ్లలా ఉంది. అరిచాను. నేను అరవకముందే నూకాలమ్మ పళ్లెం కొడుతూ వీధిలో పరుగెత్తుతోంది.

కాలవలో పడ్డాం. నా పక్కన పైడితల్లి ఒత్తిగిలి పడుకుంది, బోర్లా పడుకోలేదు కదా. అప్పలస్వామి వచ్చి కూతురికి అడ్డంగా, గట్టు వైపు పడుకున్నాడు.

"నీ గోడ ఎలాగుందో సూడమ్మా," అన్నాడు నాతో. "పడతాదా?"

అది అతని ఆఖరి మాట. హాస్యానికే అన్నాడనుకుంటాను.

మోత రైలుదని చెప్పాను కదా, తప్పు. రైలు పోతుంది. అది పోదు, నీ ఒంట్లోనే ఉంటుంది. చెవులు నొక్కుకుపోయాయి, నోట్లోకి మట్టి. తొండం నాకు కనిపించలేదు. దాని చుట్టూ తిరుగుతున్న రేకులు మాత్రం కాగితాల్లా మెరుస్తూ కనిపించాయి. దక్షిణ వీధి మీదుగా పోయింది. కాలవకి ఆ చివరన. ఎంతసేపు? ఒక పాట పాడేంతసేపు కూడా కాదు.

లేచి చూస్తే దక్షిణ వీధి లేదు. నేల మిగిలింది, అదీ చెక్కేసినట్టు. దాని పక్క వీధిలో తీగమీద ఆరేసిన లంగా అలాగే వేలాడుతోంది.

అప్పలస్వామి లేవలేదు. రేకు ముక్క. మెడ వెనక. పైడితల్లి అతన్ని కుదుపుతూ "అయ్యా, అయిపోనాది, లెగు" అంటూనే ఉంది.

ఉత్తరపు కొసన గోడ నిలబడి ఉంది. రంగు కూడా చెదరలేదు.

నమోదు 6

ఈసారి ఎవరూ ఊడ్వలేదు. నూకాలమ్మ ముగ్గుగిన్నె ముట్టలేదు. అప్పలస్వామిని సాగనంపి వచ్చి, కూలిన కొంపల మధ్య అందరూ ఉత్తినే కూర్చున్నారు. విరిగినవి విరిగినట్టే ఉన్నాయి. తుమ్మెద అన్నిటినీ చూసింది, తొందరపడకుండా.

పలకమీద అక్షరాలు పడ్డాయి. నంబరున్న కట్టడం చెక్కుచెదరలేదు. గాలి బలహీనం. మెట్టు ఒకటి.

ఇదివరకు సాక్ష్యం లేక ఒకటి. ఇప్పుడు సాక్ష్యం ఉండి ఒకటి. నేను కట్టించిన గోడే వీళ్లకి వ్యతిరేకంగా నోరు తెరిచింది.

ఆఫీసుకి వెళ్లి అరిచాను. తొండం బాట సన్నమని, ఒక ఇంటిని నామరూపాలు లేకుండా చేసి పక్కింటి దీపాన్ని కూడా ఆర్పకుండా పోతుందని, ఇది మొదటి ఏడు పాఠమని, గోడ ఆ బాటలో లేదని.

"నాకు తెలుసు మేడమ్," అన్నాడు ఓబులేసు గారు. "యంత్రానికి బాట తెలీదు. కాలనీ మొత్తం ఒక్క చుక్క దానికి."

"మనిషి చచ్చిపోయాడు సార్."

ఆయన పట్టిక నా వైపు తిప్పాడు, దయగానే. ఏ గాలికి పెంకులు లేస్తాయి, ఏ గాలికి మేడ కప్పు లేస్తుంది, ఏ గాలికి పునాది మాత్రమే మిగులుతుంది, అన్నీ ఉన్నాయి. మనిషి ఎంత గాలికి పోతాడో లేదు.

"వారంలోగా సంతకం చేయండి. చేయకపోతే యంత్రమే చేసుకుంటుంది."

ఇంటికొచ్చి అన్నం కలుపుకున్నాను. తినలేదు. గొయ్యి తవ్వి ఉంటే? అప్పలస్వామి అందులోకి దిగేవాడు కాదు, అది పిల్లతల్లులకి. కానీ కూతురు అందులో ఉండేది. అతను ఆ గట్టు వైపు పడుకోవాల్సిన పని ఉండేది కాదు. ఈ లెక్క ఎన్నిసార్లు వేసినా జవాబు ఒకటే వస్తోంది. లెక్క వేయడం మాత్రం మానలేకపోతున్నాను.

నమోదు 7

పొద్దున్నే కాలనీకి వెళ్లాను. సంతకం చేయనని చెప్పడానికి. అది చెప్పి వాళ్లకి ఒరిగేదేమిటో నాకే తెలియదు.

దూరం నుంచే చప్పుడు. గోడ చుట్టూ ఆడవాళ్లు. గునపాలు, సమ్మెటలు. నూకాలమ్మ కొంగు బిగించి మధ్యలో ఉంది. సగం గోడ అప్పటికే నేలమీద ఉంది.

"నూకాలమ్మా! అది నంబరున్న కట్టడం. పడగొడితే కేసు పెడతారు!"

"పెట్టనీ." గునపం దింపింది. "నిలుసున్నంతసేపూ అబద్ధం సెప్పినాది. పడుకుంటే పనికొస్తాది. గోతిలో పేరుసుకుంటాం."

పక్కనే గొయ్యి మొదలైంది. పైడితల్లి అంచున కూర్చుని బిళ్లలకి అంటిన సిమెంటు గీకుతోంది. నన్ను చూసి తల తిప్పుకుంది. తిప్పుకోవాల్సిందే.

అడ్డుకోవాలని నాకు అనిపించలేదు. వెళ్లిపోవాలని కూడా అనిపించలేదు. అలా నిలబడి ఉండగా మిగిలిన సగం గోడ ఒరిగి, దుమ్ము లేపుతూ పడింది. పైన తుమ్మెద తిరుగుతోంది. వారం గడువులోపల అది రోజూ ఒక చుట్టు వేస్తుంది, మేం ఎవరమూ ఆ సంగతి ఆలోచించలేదు.

పలక మోగింది. ఓబులేసు గారు.

"మేడమ్, యాడుండారు?"

"గోడ దగ్గర."

"గోడ పడిపోయిందని చూపిస్తాంది ఈడ. మెట్టు మారింది. మూడు." ఆయన గొంతు సన్నబడింది. "గాలికేనా పడింది?"

గునపం దెబ్బకీ గాలి దెబ్బకీ తేడా తుమ్మెదకి తెలియదు. ఆ తేడా చెప్పడానికే నాకు ఉద్యోగం. గాలికి పడితే గోడ ఒకే వైపు వాలుతుంది, ఇనుము ఒకే వైపు వంగుతుంది. ఇక్కడ ముక్కలు నాలుగు వైపులా పడి ఉన్నాయి, ప్రతి ముక్కమీదా తెల్లటి గాట్లు. నూకాలమ్మ ఎత్తిన గునపం ఎత్తినట్టే పట్టుకుని నన్నే చూస్తోంది. వద్దని గానీ, అవునను అని గానీ ఆ మొహంలో లేదు. నేనేం మనిషినో తెలుసుకోవాలన్నట్టు మాత్రం చూస్తోంది.

ఇన్నేళ్లూ నేను రాసినవన్నీ నిజాలే. స్వల్పం, ఒకటి, స్వల్పం, ఒకటి. ఒక్కటీ అబద్ధం కాదు. ఆ నిజాలన్నీ మింగి ఆ యంత్రం ఈ కాలనీని పచ్చగా పులిమింది.

"గాలికే," అన్నాను.

"మీ కళ్లతో చూసినారా?"

"నేను అక్కడే ఉన్నాను సార్. కాలవలో. చాలా పెద్ద గాలి. అప్పలస్వామి అనే ఆయన్ని అడగండి."

 ఆయనకి అర్థమైంది. అర్థమైందని నాకూ తెలిసింది.

"సంతకం పంపండి," అన్నాడు.

పంపాను.   ఇది తప్పో ఒప్పో రేపు తలపట్టుకుంటాను, నా సంగతి నాకు తెలుసు. ఇవాళ మాత్రం కోపానికే చోటుంది.

"మూడో మెట్టు పడింది," అన్నాను పైకి. "మాళిగ వస్తుంది."

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఎవరో ముక్కు చీదారు.

"ఎప్పుడు?" అంది నూకాలమ్మ.

"మంజూరు కావాలి, తవ్వాలి... పై వేసవికి."

"మరి ఈ ఏసవి గాలికి కాయితం సూపిస్తే ఆగుతాదా?"

 ఆవిడ జవాబు కోసం ఆగలేదు. గోతి వైపు తిరిగి "దిగే, పడతావేమో సూద్దాం" అంది. పైడితల్లి జాగ్రత్తగా దిగి, తడిమట్టిలో కూర్చుని మోకాళ్లు ముడుచుకోబోయింది. పొట్ట అడ్డం వచ్చింది.

"సాల్దు అత్తా. నానొక్కదాన్నే పట్టను. పిల్లల్నెక్కడ కూకోబెడతావు?"

నేను గోతి పొడవు వెడల్పులు చూస్తున్నాను. పెదాలు కదిలినట్టున్నాయి, అలవాటు కొద్దీ. నూకాలమ్మ చూసింది. పార తీసి నా కాళ్ల దగ్గర పడేసింది.

"లెక్క సెప్పకు," అంది. "తవ్వు."

చెప్పులు విప్పి దిగాను.